ఆరో నంబరు పెట్టె

పోయిన వారం మనం గుండీలమ్మను గుమ్మంలో నిలబెట్టి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆవిడ ఏడు రోజులుగా అక్కడే ఉంది. ఒక చెయ్యి తలుపు గడియ మీద, రెండో చేతిలో పన్నుల ఆఫీసు ఉత్తరం, ఎదురుగా నీలం కోటు వేసుకున్న ఆఫీసరమ్మ. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. గుండీలమ్మ పాత బట్టల నుంచి గుండీలు ఊడదీసి, కడిగి, జతలు కూర్చి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఎవరి కోటుకో ఒకే ఒక్క గుండీ ఊడి పోతుంది. అచ్చం అలాంటిదే కావాలని ఊరంతా వెతుక్కుంటారు. ఈవిడ దగ్గర దొరుకుతుంది. దుకాణం తెరిచి మూడేళ్లు దాటింది, మూడేళ్లూ నష్టమే. ఆ నష్టాన్ని ఇంటాయన జీతంలోంచి తగ్గించి చూపించి, కట్టిన పన్ను కొంత వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆఫీసువాళ్లు అడిగేది ఒక్కటే. ఇది వ్యాపారమా, సరదాయా? వ్యాపారమైతే నష్టం చూపించుకోవచ్చు. సరదా అయితే తెచ్చుకున్నదంతా కక్కాలి.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు "సరదా" అన్న మాటే గుండీలమ్మకి మింగుడు పడలేదు. సబ్బునీళ్లలో నాని నాని వేళ్లు ముడతలు పడ్డాయి. సూది గుచ్చుకుని గుచ్చుకుని బొటనవేలు మొద్దుబారింది. ఇన్నేళ్ల జీవితంలో ఇది నాది అని ఆవిడ చెప్పుకోగలిగింది ఈ ఒక్క దుకాణమే. ఎవరో వచ్చి దాంతో ఆడుకుంటున్నావులే అంటే ఒళ్లు మండదూ? అంతకన్నా మంట ఉత్తరంలోని చివరి వాక్యం: "మాకు అందిన ఫిర్యాదు మేరకు." ఫిర్యాదంటే ఎవరో రాసి ఉండాలి. ఆ ఎవరో ఎవరు? ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ ఇంటి ముందు నడిచిన ప్రతి మనిషినీ ఆవిడ ఎగాదిగా చూస్తోంది. పాలమనిషిని కూడా వదల్లేదు.

"లోపలికి రావచ్చా?" అంది ఆఫీసరమ్మ.

రావద్దంటే మాత్రం ఆగుతుందా! గుండీలమ్మ తలుపు బార్లా తీసింది.

వెనక గదే దుకాణం. గోడ పొడుగునా అరల్లో నలభై ఎనిమిది బిస్కెట్ డబ్బాలు, ఒక్కోదాని మీద నంబరు. కిటికీ దగ్గర బల్ల, దాని మీద భూతద్దం బిగించిన దీపం, చిన్న తూకం, సబ్బునీళ్ల బేసిన్, అరిగిపోయిన పళ్ల బ్రష్షులు మూడు. నిన్నటిదాకా గుండీలమ్మకి ఈ గదిని చూస్తే గర్వంగా ఉండేది. ఇవాళ ఆఫీసరమ్మ కళ్లతో చూసేసరికి ప్రతి వస్తువూ తన మీద సాక్ష్యం చెప్పడానికే కూర్చున్నట్టుంది.

"ఈ గదంతా దుకాణానికే వాడుతున్నట్టు రాశారు," అంది ఆఫీసరమ్మ, కాగితం చూసుకుంటూ. "మరి ఆ ఇస్త్రీ బల్ల?"

"అది... గుండీలున్న బట్టలు మడతలు పోవడానికి మేడమ్."

"దాని మీదున్న చొక్కాలు?"

"మా ఆయనవి."

ఆఫీసరమ్మ ఏదో రాసుకుంది. ఏం రాసిందో కనపడదు. గుండీలమ్మ మెడ సాచి చూడబోయి, పట్టుబడి, బేసిన్‌లో నీళ్లు సరిచేస్తున్నట్టు నటించింది. అప్పుడే ఆవిడ కళ్లు ఆఫీసరమ్మ ఎడమ చేతి మీద పడ్డాయి. కోటు చేతికి మూడు గుండీలుండాలి. రెండే ఉన్నాయి. మూడో చోట దారం పోగులు మాత్రం వేలాడుతున్నాయి. ముదురు నీలం, నాలుగు రంధ్రాలు, అంచు కాస్త పైకి లేచినది. పదిహేడో డబ్బాలో అలాంటిది ఒకటుంది, ఒక్కటే. చెయ్యి దానంతటదే అరవైపు పోబోయింది. అమ్మో, ఇస్తే లంచం కిందికి వస్తుందేమో! గుండీలమ్మ రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. ఊడిన గుండీ ఎదురుగా ఉంటే ఊరుకోవడం ఆవిడకి ఎంత కష్టమో ఆ ఆఫీసరమ్మకేం తెలుసు!

ప్రశ్నలు మొదలయ్యాయి. రోజుకి ఎన్ని గంటలు చేస్తారు? ధరలు ఎలా పెడతారు? నష్టం వస్తుంటే ఏమైనా మార్చి చూశారా?

దీనికి మాత్రం గుండీలమ్మ తడుముకోలేదు. "మార్చకేం మేడమ్! మొదట్లో ఆరేసి గుండీలు కట్టగట్టి అమ్మేదాన్ని. ఎవరూ కొనలేదు. ఆలోచిస్తే తెలిసింది, మనిషికి పోయేది ఒక గుండీ, ఆరెందుకు కొంటాడు? అప్పట్నుంచి విడిగా పెట్టా. ఫొటో పక్కన కొలబద్ద పెట్టా. పోయిన ఏడాది తొంభై మూడు ఆర్డర్లు వచ్చాయి. నష్టం సగానికి తగ్గింది."

ఆఫీసరమ్మ తల పంకించింది. తర్వాత పెన్ను కింద పెట్టి, మామూలు మాటలా అడిగింది. "ఈ పని చేస్తుంటే మీకు ఆనందంగా ఉంటుందా?"

గుండీలమ్మ నోరు తెరిచి, ఠక్కున మూసేసుకుంది. ఎంత మెత్తగా అడిగింది! అవునంటే, చూశారా, సరదాయే అంటుంది. కాదంటే అబద్ధం. తెల్లవారి లేవగానే ముందు ఈ గది తలుపే తీస్తుంది మరి.

"మీ పని మీకు ఆనందంగా ఉంటుందా మేడమ్?" అని ఎదురడిగింది.

"నాకు జీతం వస్తుంది," అంది ఆఫీసరమ్మ. కానీ పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. దాన్ని నమ్మాలో వద్దో గుండీలమ్మకి తెలియలేదు. అంతలో ఆవిడ సంచిలోంచి ఇంకో కాగితం తీసింది.

"ఈ పాతకోటు ఎవరు?"

గుండీలమ్మ మొహం విప్పారింది. ఇక్కడ పాతకోటు గారి గురించి మీకు చెప్పాలి. అది ఒక కొనుగోలుదారు పెట్టుకున్న పేరు. దుకాణం తెరిచిన మొదటి నెలలో, ఒక్క ఆర్డరు కూడా రాక ఆవిడ ఫోను వంక చూస్తూ కూర్చున్న రోజుల్లో, మొట్టమొదట కొన్నది ఆయనే. ఆయనో ఆవిడో తెలియదు గానీ, గుండీలమ్మ మనసులో మాత్రం కళ్లజోడు పెట్టుకున్న ఓ ముసలి దర్జీ. నెలకొకసారి, మొదటి వారంలో, తప్పకుండా ఒక ఆర్డరు. బేరం లేదు, ఫిర్యాదు లేదు, ఒక్క మాట రాసిందీ లేదు. ఆవిడ మాత్రం ఆ పొట్లాల్లో రెండు వాక్యాల చీటీ పెట్టేది.

"నా మొదటి కస్టమర్ మేడమ్! నలభై ఒక్క సార్లు కొన్నారు."

"మొదటి ఏడాది మీకు మొత్తం పద్నాలుగు ఆర్డర్లు. అందులో పన్నెండు ఈ మనిషివే," అంది ఆఫీసరమ్మ. "నలభై ఒక్క పొట్లాలూ వెళ్లింది స్టేషన్‌లో పార్సిల్ కౌంటరుకి. అక్కడ ఆరో నంబరు పెట్టె. మీ ఇంటికి పావుగంట నడక."

"స్టేషన్‌కి వెయ్యిమంది వస్తారు కదా మేడమ్. వచ్చీపోయేవాళ్లు పెట్టె అద్దెకి తీసుకుంటారు."

"తీసుకుంటారు. కానీ మాకొచ్చిన ఉత్తరంలో ఏం రాశారో వినండి." ఆఫీసరమ్మ గొంతు మార్చకుండా చదివింది. "'ఈమె సరుకు కొనేది ఇంట్లోవాళ్లే. ఆరో నంబరు పెట్టె ఎవరిదో విచారించండి.' కింద సంతకం లేదు."

గుండీలమ్మ ఆ కాగితం అందుకోబోతే ఆఫీసరమ్మ మడిచి సంచిలో పెట్టేసింది.

"అమ్మా, బయటివాళ్లు కొంటే అది అమ్మకం. ఇంట్లోవాళ్లే ఈ జేబులోంచి ఆ జేబులోకి వేసుకుంటే దాన్ని మేం అమ్మకం అనం. వ్యాపారంలా కనపడటానికి చేశారంటే, నష్టం కొట్టేయడమే కాదు, జరిమానా కూడా పడుతుంది. దొంగ అమ్మకాలని మీ పేరు మీద రాయాల్సి వస్తుంది. రేపు పదకొండింటికి ఆఫీసుకి రండి. మీ పత్రాలు నింపినవారిని కూడా తీసుకురండి. ఆ పెట్టె ఎవరిదో మీరే చెబితే మంచిది. మాకు మేం కనుక్కుంటే ఇంత మర్యాదగా ఉండదు."

ఆఫీసరమ్మ మెట్లు దిగి వెళ్లిపోయింది. గుండీలమ్మ పొయ్యి కూడా వెలిగించలేదు. ఆరో నంబరు పెట్టె సంగతి ఎవరికి తెలుసు? పొట్లం మీద చిరునామా రాసే తనకి తెలుసు. ఆ పొట్లాల్ని రోజూ పనికి వెళ్తూ స్టేషన్‌లో ఇచ్చి వచ్చే ఇంటాయనకి తెలుసు. పోస్టు ఖర్చుల కాగితాలన్నీ వరసపెట్టి లెక్క రాసే వదినకి తెలుసు.

వదిన అన్న పేరు తట్టగానే గుండీలమ్మ లేచి నిలబడింది.

వదినంటే ఇంటాయన అక్క. కింది వాటాలో ఉంటుంది. ముందు గదిలో బల్ల వేసుకుని, వీధిలోవాళ్లకి పన్ను పత్రాలు నింపి పెడుతుంది. ఇప్పుడు దుకాణమున్న వెనక గది ఒకప్పుడు ఆవిడదే. మోకాళ్ల నొప్పులని కిందికి దిగింది గానీ, ఆ గది మీద ఆశ దిగలేదని గుండీలమ్మకి గట్టి నమ్మకం. పైకి వచ్చినప్పుడల్లా గోడకేసి చూసి, "ఇక్కడ నా అద్దం ఉండేది," అంటుంది. ఇన్నేళ్లలో ఆ మాట అనకుండా ఒక్కసారి కూడా మెట్లు దిగలేదు.

వెళ్లేసరికి వదిన ఒక్కతే కూర్చుని రబ్బరు స్టాంపులు తుడుచుకుంటోంది.

"వచ్చి వెళ్లిందటగా మీ ఆఫీసరు?" అంది తల ఎత్తకుండానే.

"మీకెలా తెలుసు వదినా? రేపు పదకొండింటికి మనిద్దర్నీ ఆఫీసుకి రమ్మంది."

"మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడదూ? మనిషి ఎలా ఉంటుందో నేను మొహం కూడా చూళ్లేదు. నా దగ్గర జనం ఉన్నారు. రేపు చూస్తాలే, మీ తరఫున కూర్చోవాల్సింది నేనేగా."

జనమంటే ఎవరు? ఎదుటి కుర్చీ మీద వదిన మడతపెట్టిన దుప్పటి ఉంది. పొద్దుట్నుంచీ ఎవరూ కూర్చున్నట్టు లేదు. గుండీలమ్మ ఆ దుప్పటి వంకా వదిన వంకా చూసింది. ఇంక ఆగలేకపోయింది.

"ఫిర్యాదు రాసింది మీరేనా?"

వదిన స్టాంపు పక్కన పెట్టింది. "నీకేమన్నా మతి పోయిందా? నా చేత్తో నింపిన పత్రం మీద నేనే ఫిర్యాదు రాసుకుని నా నోటి దగ్గర కూడు నేనే తీసేసుకుంటానా? రేపు అక్కడ నీతోపాటు నన్నూ నిలబెడతారు తెలుసా!"

అదీ నిజమే. గుండీలమ్మ తగ్గింది. "ఆరో నంబరు పెట్టె ఇంట్లోవాళ్లదే అంటున్నారు. ఇంట్లో ఉన్నదే ముగ్గురం. నేను కాదు. మరి మీరా వదినా?"

"నీ గుండీలు నాకెందుకమ్మా? నా బట్టలన్నిటికీ జిప్పులేగా." వదిన కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. అవసరానికి మించి తుడుస్తోందని గుండీలమ్మకి అనిపించింది. "చూడు మరదలా, ఈ మాట నా నోటితో చెప్పకూడదనుకున్నా. వాడు నా తమ్ముడు. కానీ రేపు ఆఫీసులో నువ్వు తెల్లమొహం వేస్తే నేను చూడలేను. నువ్వు దుకాణం తెరిచిన కొత్తలో వాడు నా దగ్గరికొచ్చి ఒక మాట అడిగాడు. 'అక్కా, ఏడాదికి ఎన్ని అమ్ముడుపోతే వ్యాపారమంటారు?' అని."

"మీరేమన్నారు?"

"లెక్కంటూ ఏమీ లేదురా, నెలకి ఒకటైనా తెగుతుంటే బాగుంటుందన్నాను. ఏదో మాటవరసకి అన్నాను. వాడు నిజంగా అలా చేస్తాడని కలగన్నానా?"

నెలకి ఒకటి. మొదటి వారంలో. జీతాలిచ్చే వారం.

గుండీలమ్మ వదినకి వెళ్లొస్తానని కూడా చెప్పలేదు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూస్తే, వదిన మళ్లీ స్టాంపు తుడుచుకుంటూ కనిపించింది.

ఇంటాయన ఉద్యోగం స్టేషన్‌లోనే. ప్రయాణికులు మర్చిపోయిన వస్తువుల్ని దాచిపెట్టే గదికి ఆయన గుమాస్తా. పార్సిల్ కౌంటరు దాటి ఇరవై అడుగులు వేస్తే ఆ గది. నడుస్తున్నంతసేపూ గుండీలమ్మకి ఒక్కో సంగతే గుర్తొస్తోంది. ఆర్డరు వచ్చిందని చెబితే ఆయన వార్తాపత్రిక పైనుంచి చూసి, "మళ్లీ మీ పాతకోటేనా?" అనేవాడు. ఆ అనడంలో కుళ్లు ఉందనుకుని ఆవిడ మురిసిపోయేది కూడా! పొట్లం తనే చంకలో పెట్టుకుని వెళ్లేవాడు. తన పొట్లం తనే మోసుకెళ్లి, పోస్టు ఖర్చు కట్టి, తనకి తనే పంపుకుని, తనే తీసుకున్నాడన్నమాట. పోస్టు ఖర్చు వ్యాపారపు ఖర్చుల్లో రాసుకున్నారు కూడా.

గది తలుపు ఓరగా ఉంది. "ఐదు నిమిషాల్లో వస్తాను" అన్న అట్టముక్క వేలాడుతోంది. గుండీలమ్మ లోపలికి వెళ్లింది.

గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒక ఊతకర్ర. ఊతకర్ర మర్చిపోయిన మనిషి ఎలా నడిచి వెళ్లాడో ఆ దేవుడికే తెలియాలి. ప్రతి వస్తువుకీ దారం కట్టి చీటీ వేలాడుతోంది. ఆయన ఎంత చాదస్తుడో ఆవిడకి తెలుసు. ఆ గదిలోకి గడ్డిపోచ వచ్చినా చీటీ కట్టాలి, రిజిస్టరులో ఎక్కించాలి. లేకపోతే ఆయనకి అన్నం సయించదు.

గొడుగుల వెనక పై అరలో ఎర్ర దారం కనిపించింది.

ఆ దారాన్ని ఆవిడ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పొట్లం అట్టకి మూత మడిచి, లోపల ఏ గుండీ ఉందో అలాంటిదే పగిలిందో గీతపడిందో ఒకటి పైన పెట్టి, ఎర్ర దారంతో అడ్డంగా నిలువుగా కుట్టేస్తుంది. విప్పాలంటే ఆ దారం తెంపాల్సిందే. అలా కుట్టేవాళ్లు ఇంకెవరూ లేరు. స్టూలెక్కి ఒక్కోటీ కిందికి దించింది. ఒక్కదాని దారం కూడా తెగలేదు. ఒక్కటీ విప్పలేదు.

ప్రతి పొట్లానికీ చీటీ ఉంది! ఆయన చేతిరాతే, గుండ్రంగా, ముత్యాల్లా. బల్ల మీది రిజిస్టరు తిరగేస్తే అందులోనూ ఉంది, నెలకొక వరస. "వస్తువు: పొట్లం, విప్పనిది. దొరికిన చోటు: ఆరో నంబరు పెట్టె. సొంతదారు: ఇంకా రాలేదు." దొంగతనంగా చేసే పనికి కూడా రసీదు రాసుకునే మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే ఉంటాడు. పన్నుల ఆఫీసువాళ్లు ఇంతకన్నా మంచి సాక్ష్యం కావాలంటే ఎక్కడ వెతుకుతారు?

గుండీలమ్మకి ముందు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్న ముసలి దర్జీ లేడు. ఆయన కోసం తను రాసిన చీటీలు ఎవరూ చదవలేదు. "ఈ చలికి కోటు పనికొస్తోందా అండీ?" అని పోయినేడాదికి ముందేడు రాసిన చీటీ కూడా ఈ పొట్లాల్లోనే ఎక్కడో ఉంది. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

తలుపు కిర్రుమంది. ఇంటాయన టీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయాడు. బల్ల మీద పొట్లాలు చూశాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"సొంతదారు వచ్చిందండీ," అంది గుండీలమ్మ. "సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"నేను చెబుదామనే..."

"ఎప్పుడు? మూడేళ్లయింది!"

"నువ్వు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదానివి," అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. "అన్నం తింటున్నా దాని వంకే చూసేదానివి. ఇరవై రోజులు ఒక్కటీ రాలేదు. ఆ మొహం చూడలేకపోయాను. ఒకటి కొన్నాను. ఆ రోజు నువ్వు ఎగిరి గంతేశావు, గుర్తుందా?"

"గుర్తుంది. మరి మీ అక్కని ఏడాదికి ఎన్ని అమ్మితే వ్యాపారమవుతుందని అడిగింది కూడా నా మొహం చూళ్లేకేనా?"

ఆయన గబుక్కున తలెత్తాడు. ఆ సంగతి ఆవిడ వరకూ వస్తుందని అనుకోలేదని తెలిసిపోతోంది.

"నిజం చెప్పండి. నా కోసం కొన్నారా, పన్ను కోసమా?"

ప్లాట్‌ఫారం మీద ఏదో బండి వచ్చి ఆగి వెళ్లిపోయింది. "మొదటిది నీ కోసమే," అన్నాడు చివరికి. "రెండోది పత్రం కోసం. తర్వాత్తర్వాత ఏది దేనికో నాకే తెలియలేదు. వెనక్కి వచ్చిన పన్నుతోనే నీకా భూతద్దం దీపం కొన్నాను. రూలు ప్రకారం ఏడాది దాటితే ఇవన్నీ వేలానికి పంపాలి. ప్రతి ఏడాదీ తేదీ కొట్టేసి కొత్త తేదీ వేశాను. పంపబుద్ధి కాలేదు."

ఆ మాటకి ఆవిడ కరిగిపోవాల్సింది. కరగలేదు. ఒకరి జాలితో నడిచిందంటే అది దుకాణమెలా అవుతుంది? ఆఫీసరమ్మ అడిగిన ప్రశ్నే ఇప్పుడు తనకి తను వేసుకుంటోంది. వ్యాపారమా, సరదాయా? ఆవిడ ముక్కు తుడుచుకుంది. పోయిన ఏడాది తొంభై మూడు ఆర్డర్లు. అందులో పాతకోటువి పన్నెండు. తీసేస్తే ఎనభై ఒకటి. ఆ ఎనభై ఒకటీ ఎవరి దయా కాదు. ముక్కూమొహం తెలియని ఎనభై ఒక్క చోట్ల ఎర్ర దారం తెంపి పొట్లం విప్పారు.

"రేపు పదకొండింటికి ఇవన్నీ, మీ రిజిస్టరుతో సహా, ఆవిడ బల్ల మీద పెడతాను," అంది. "ఇవి నా అమ్మకాలు కావు, కొట్టేయండి అంటాను. మొదటి ఏడాది సరదా అని రాసుకుంటే రాసుకోమంటాను. కక్కాల్సింది మీరు కక్కండి. కానీ పోయిన ఏడాది మాత్రం వ్యాపారమే. దాని కోసం ఎంతదాకైనా వాదిస్తాను."

ఆయన తల ఊపాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"మిగతావి కూడా తీయండి."

"మిగతావా?"

"ఇక్కడ ఇరవై ఆరే ఉన్నాయి. ఆవిడ చెప్పింది నలభై ఒకటి. ఇంకో పదిహేను ఎక్కడ దాచారు?"

"నేను కొన్నవి ఇరవై ఆరే." ఆయన రిజిస్టరు తన వైపు లాక్కుని, చివరి వరస మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడితో ఆపేశాను. ఏడాది పైనే అయింది. నీకు నిజమైన కస్టమర్లు వచ్చేశారు కదా, ఇంకెందుకని మానేశాను."

"మానేయడమేంటి? పోయిన నెల కూడా పాతకోటు పేరున ఆర్డరొచ్చింది. మీరేగా పొట్లం తెచ్చి కౌంటర్లో ఇచ్చారు!"

"నీ పొట్లాల చిరునామాలు నేను చూస్తానా? కట్టగా ఇస్తావు, కట్టగా కౌంటర్లో ఇస్తాను. 'పాతకోటు మళ్లీ కొన్నాడు' అని నువ్వంటుంటే, నేను మానేసింది నువ్వు కనిపెట్టేశావేమో, నన్ను దెప్పుతున్నావేమో అనుకున్నాను. అందుకే నోరెత్తలేదు."

మూడేళ్లుగా దాచిన అబద్ధం ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. అయినా ఆయన కళ్లలో ఇప్పుడు కనిపిస్తున్నది భయమే, అబద్ధం కాదు. ఆయన అబద్ధమాడితే కుడి చెవి రుద్దుకుంటాడు. చేతులు రెండూ రిజిస్టరు మీదే ఉన్నాయి.

"పెట్టె తాళం ఏది?" అంది గుండీలమ్మ మెల్లగా.

"నా దగ్గర లేదు. అద్దె ఇంకా రెండేళ్లకి కట్టేసి ఉంది, వృథాగా పోతుందెందుకని అప్పుడే ఇచ్చేశాను. పత్రాలు తెప్పించుకోవడానికి పనికొస్తుందంది. అసలు ఆ పాతకోటు పేరుతో ఖాతా తెరిచిపెట్టింది కూడా తనే, నాకు ఫోన్లో అవన్నీ రావుగా."

"తనంటే ఎవరు?"

"అక్క."

జిప్పులేగా అన్న వదిన. తమ్ముడి మీదికి వేలు చూపించిన వదిన. ఆరో నంబరు పెట్టె అని ఉత్తరంలో రాసినవాళ్లకి ఆ పెట్టె సంగతి తెలిసి ఉండాలి. పదిహేను నెలలుగా తన గుండీలు కొంటున్న చెయ్యీ, ఆ ఉత్తరం రాసిన చెయ్యీ ఒకటేనా? కొనడమెందుకు, రాయడమెందుకు? రేపు ఆఫీసులో తమ తరఫున మాట్లాడటానికి పక్క కుర్చీలో కూర్చోబోయేది ఆవిడే.

చేతిలో ఫోను మోగింది. గుండీలమ్మ అలవాటుగా చూసింది.

కొత్త ఆర్డరు. పాతకోటు.

నలభై రెండోది. మూడేళ్లలో ఒక్క మాట కూడా రాయని పాతకోటు ఈసారి కింద ఒక వాక్యం రాశాడు. "ముదురు నీలం, నాలుగు రంధ్రాలు, కోటు చేతికి పెట్టేది, ఒక్కటి చాలు. రేపు పదకొండు లోపల పెట్టెలో ఉండాలి."

ఎడమ చేతి మీద వేలాడుతున్న దారం పోగులు ఆవిడ కళ్లముందు మెదిలాయి. ఆ ఊడిన గుండీ సంగతి గుండీలమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇంటాయనకీ చెప్పలేదు. ఆఫీసరమ్మ మొహం కూడా చూళ్లేదన్న వదినకి ఆవిడ చేతికి ఏ గుండీ పోయిందో ఎలా తెలిసింది?

"ఎవరు?" అన్నాడు ఇంటాయన.

"కస్టమరు," అంది గుండీలమ్మ. ఆర్డరు తీసుకుంటున్నట్టు నొక్కి, ఫోను సంచిలో వేసుకుంది. పదిహేడో డబ్బాలో అలాంటిది ఒక్కటే ఉంది. ఈసారి పొట్లం ఇంటాయన చేతికి ఇవ్వదు. తనే కుట్టి, తనే తెచ్చి ఆరో నంబరు పెట్టెలో వేయిస్తుంది. తర్వాత ఈ గది తలుపు ఓరగా పెట్టుకుని, గొడుగుల వెనక కూర్చుని, తాళం తీయడానికి వదినే వస్తుందో, వదిన చేతిలోంచి తాళం తీసుకున్న ఇంకెవరైనా వస్తారో చూస్తుంది.